ఏడాదికి ఎనిమిది మిల్లీమీటర్లు

వాసా పట్నంలో, చేపల రేవు వెనక వీధిలో
నా పని పళ్ళకు కాపలా.
ప్లాస్టర్ కలిపి దవడలు పోస్తాను,
వేడి రేకును వాటి మీద సాగదీసి
తూనీగ రెక్కంత పలచని తొడుగు తీస్తాను.
గోడ పొడుగునా అరల్లో
ఇరవై ఆరేళ్ళుగా పేర్లు రాసిపెట్టిన తెల్లటి నోళ్ళు.
ఒక్కటీ మాట్లాడదు.

నిన్న దీవి నుంచి ఎస్కిల్ వచ్చాడు.
పడవలు చేస్తాడు. నలభై దాటాక
రెండేళ్ళు క్లిప్పుల్ని పంటి బిగువున భరించినవాడు.
జేబులోంచి మేకుల డబ్బా తీశాడు.
మేకుల మధ్య, రంపపు పొట్టు అంటుకుని,
నేను చేసిన రిటైనర్.
"మూడేళ్ళయింది పెట్టుకుని. ఇప్పుడు ఎక్కడం లేదు.
నీ వస్తువు ముడుచుకుపోయింది, మార్గిత్."

అర మీంచి అతని పాత దవడ దించాను,
పక్కన ఇవాళ్టి నోరు పోసి పెట్టాను.
కింది వరసలో ముందరి పళ్ళు
వాన మొదలవగానే చూరు కిందికి చేరినవాళ్ళలా
ఒకరి భుజం మీదికి ఒకరు.

చాలాసేపు చూశాడు.
"ఎముకలో దిగ్గొట్టిన మేకు ఎట్లా కదులుతుంది?"

మీ తాత కట్టిన రేవు సంగతి చెప్పు, అన్నాను.
చెప్పాడు:
పడవ కట్టే ఇనుప కడియం ఇప్పుడు గడ్డిలో ఉంది,
దాని దగ్గర ఆవు మేస్తోంది,
నీళ్ళు చూడాలంటే రాళ్ళు దాటి నడవాలి.
ఎందుకో ఇక్కడ బడిపిల్లలకీ తెలుసు.
ఒకప్పుడు ఈ నేల మీద కొండంత మంచు కూర్చుంది.
కరిగిపోయి వేల ఏళ్ళు,
నేలకు ఆ బరువు ఇంకా గుర్తే.
ఏడాదికి ఎనిమిది మిల్లీమీటర్లు,
లేస్తూనే ఉంది.

నీ తీగలు రెండేళ్ళ మంచు, ఎస్కిల్.
పన్ను ఎముకలో పాతుకుని ఉండదు,
తాళ్ళతో రేవుకి కట్టిన పడవలా
సన్నటి నారపోగుల మీద వేలాడుతుంది.
ఒక పక్క నొక్కితే అటు ఎముక కరుగుతుంది,
ఇటు కొత్తది పేరుకుంటుంది.
ఎముక తొందరగానే ఒప్పుకుంటుంది,
చిగుళ్ళలోని పోగులదే మొండితనం,
నెలల తరబడి పాత చోటుకేసి లాగుతూ ఉంటాయి.
మొక్కై వంగనిది మానై వంగదంటారు.
పన్ను మానై కూడా వంగుతుంది,
అదే దానితో వచ్చిన చిక్కు.

"మరి మా అక్క గున్‌హిల్డ్? దానికెవరూ తీగలు వేయలేదే,
అరవైకొచ్చాక దానివీ జరిగాయి."

వయసుతో అందరివీ ముందుకి నడుస్తాయి, కొంచెం కొంచెం.
జ్ఞానదంతాన్ని తిట్టుకుంటారు గానీ
పాపం, దాని తప్పు అంతగా లేదు.
ఒక పన్ను పీకించి సందు ఊరికే వదిలేస్తే
పక్కవి అటు ఒరుగుతాయి,
పై పన్ను జోడీని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది.
చిగుళ్ళు చీము పట్టి వదులైతే ఇక చెప్పక్కర్లేదు.

కొత్తది చేస్తాను, కానీ విను,
ఇది నీ పళ్ళను వెనక్కి తీసుకుపోదు,
ఉన్నచోట ఆపుతుంది, అంతే.
పాత వరస కావాలంటే మళ్ళీ తీగలే.

రెండు దవడల్నీ రెండు చేతుల్లో పట్టుకుని
తూకం వేస్తున్నట్టు నిలబడ్డాడు.
"ఇక్కడే ఆపు," అన్నాడు.

మొదట్లో రాత్రీ పగలూ, తిండివేళ తప్ప.
తర్వాత ప్రతి రాత్రీ.
ఎన్నాళ్ళని అడగకు,
పళ్ళు ఇలాగే ఉండాలని నీకున్నన్నాళ్ళు.
వేడినీళ్ళు పోయకు, నిజంగానే ముడుచుకుంటుంది.
కాఫీ కొట్లో కాగితంలో చుట్టి పెట్టకు,
ఈ ఊరి చెత్తబుట్టలన్నీ నా పనితనం ఎరుగు.
పొద్దున తీస్తుంటే బిగుతుగా ఉందా,
రాత్రంతా లాగులాట జరిగిందన్నమాట.
మేకుల డబ్బాలో మాత్రం వద్దు.

అతను వెళ్ళాక దీపం కింద కూర్చున్నాను.
నా కింది పళ్ళ వెనక అంటించిన తీగ,
నాలుకతో తడిమాను, పదకొండో ఏడు.
కొత్త దవడ మీద పెన్సిల్‌తో ఎస్కిల్ అని,
తారీఖు వేశాను.
అరలో చోటు లేదు.
అటూ ఇటూ ఉన్న నోళ్ళను కాస్త కాస్త జరిపాను.